కంప్యూటరు లాగ్‌లో వేళ రాసే తీరు

మన సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీని అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాయించేవారు. చదివేవారు పొరబడకూడదనే ఆ జాగ్రత్త. కంప్యూటరు తాను చేసిన ప్రతి పనినీ వేళతో సహా నమోదు చేసుకునే 'లాగ్'కు అటువంటి జాగ్రత్త అలవడటానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన యూనిక్స్‌కు మొదటి మాన్యువల్ 1971 నవంబరులో వచ్చింది. అప్పుడు యూనిక్స్ 1971 జనవరి 1 నుంచి కాలాన్ని సెకనులో అరవయ్యో వంతుల చొప్పున లెక్కపెట్టేది. ఆ లెక్కకు కేటాయించిన చోటు 32 బిట్లే కనుక, 829వ రోజుకే నిండిపోతుంది. ఈ సంగతిని మాన్యువల్ రాసినవారే లోపాల కింద ఒప్పుకున్నారు! తరువాత సెకన్లకు మారి, 1970 జనవరి 1ని మొదలుగా తీసుకున్నారు.

యంత్రానికి ఇది హాయి. రెండు వేళల మధ్య తేడా కావాలంటే ఒక్క తీసివేత చాలు. మనిషికి మాత్రం 1000000000 అని కనబడితే ఏమి బోధపడుతుంది? సున్నాలు లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది. అది 2001 సెప్టెంబరు 9, మన గడియారంలో ఉదయం 7 గంటల 16 నిమిషాల 40 సెకన్లు. ఆ క్షణాన తొమ్మిదంకెల లెక్క పదంకెలయింది. అంకెలను నిఘంటువులో మాటల్లా పేర్చే ప్రోగ్రాముకు ఆ సంఖ్య 999999999 కంటే ముందుదే అవుతుంది.

1980లలో ఎరిక్ ఆల్‌మన్ బర్కిలీలో తన సెండ్‌మెయిల్ కోసం సిస్‌లాగ్ తయారుచేశారు. అందులో నెల, తేదీ, గంట, నిమిషం, సెకను ఉండేవి. చదవడానికి బాగానే ఉండేది. కానీ సంవత్సరం లేదు, ఏ దేశపు కాలమో లేదు. ఒక రాత్రి డ్యూటీలో రెండు యంత్రాల లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని తప్పు వెదికాను. ఒకటి మన కాలంలో, రెండోది గ్రీనిచ్ కాలంలో రాస్తున్నాయని తెల్లవారుజామున గాని తట్టలేదు. ఈలోగా ఏ పాపమూ ఎరగని యంత్రాన్ని విప్పించాను.

సంవత్సరం ముందు, తరువాత నెల, తరువాత రోజు రాయాలన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 పేరుతో 1988లోనే వచ్చింది. అలా రాస్తే అక్షరక్రమమే కాలక్రమం అవుతుంది. సిస్‌లాగ్ ప్రమాణంలోకి ఆ పద్ధతి 2009లో గాని రాలేదు. సెకనులో ఆరు దశాంశాల వరకు రాయవచ్చు, చివర గ్రీనిచ్‌తో తేడా చూపాలి. మనకైతే +05:30. ఆ రాత్రి ఈ ఆరక్షరాల తోక ఉండి ఉంటే ఆ యంత్రం జోలికి పోయేవాణ్ణి కాదు.