జాతర దారి తెలిసినవాళ్లు



కర్దనూర్ నుంచి మన పండుగలకు మూడు దిక్కులా దారులున్నాయి. ఔటర్ రింగు రోడ్డు ఎక్కి మేడ్చల్ దగ్గర నాగ్‌పూర్ హైవే పట్టుకుంటే నిర్మల్, గుడిహత్నూర్ మీదుగా ఇంద్రవెల్లి, ఆ పక్కనే కేస్లాపూర్. ఘట్‌కేసర్ దగ్గర దిగితే వరంగల్, ములుగు, పస్రా మీదుగా మేడారం. రింగు రోడ్డుతో పని లేకుండా సంగారెడ్డి దాటి జోగిపేట వైపు పోతే నారాయణఖేడ్ తండాలు.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేసే మన యువకులు, హాస్టళ్లలో చదివే పిల్లలు ఈ మధ్య ఫోన్లలో పండుగల టూర్లు వేసుకుంటున్నారు. మాకూ తెచ్చి చూపిస్తారు. చూస్తే సంతోషమే. అయితే వాటిలో కిలోమీటర్ల లెక్క ఉంటుంది, పెట్రోలు ఖర్చు ఉంటుంది, ఫొటోలు దిగే చోటు ఉంటుంది. పండుగ ఆ రోజే ఎందుకు వస్తుంది, ఆ దారిలో ముందు నడిచింది ఎవరు అన్నది మాత్రం ఉండదు. పండుగ చుట్టూ ప్రయాణం వేసుకోవడం మనకు కొత్త కాదు. మన పండుగలలో చాలా వరకు ప్రయాణాలే. పెద్దలు వాటిని ఎలా నడిపించారో నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

తేదీ ఎవరు చెబుతారు?

నాగాలాండ్‌లో హార్న్‌బిల్ పండుగ ఉంది. అక్కడి ప్రభుత్వం 2000లో మొదలుపెట్టింది. ఏటా డిసెంబరు 1 నుంచి 10 వరకు కిసామాలో జరుగుతుంది. అక్కడి తెగలన్నీ ఒకచోట కనిపిస్తాయి. తేదీ మారదు కాబట్టి ఏడాది ముందే టికెట్టు తీసుకోవచ్చు. బయటివాళ్లు రావాలనే అలా ఏర్పాటు చేశారు, అందులో తప్పేమీ లేదు.

మన జాతరలు అలా కుదరవు. నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి. అది 2024లో ఫిబ్రవరి 9న, 2025లో జనవరి 28న, 2026లో జనవరి 18న వచ్చింది. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగితే, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. మన పండుగల్లో ఒకే తేదీ మీద నిలిచింది సంత్ సేవాలాల్ జయంతి. ఆయన 1739 ఫిబ్రవరి 15న పుట్టారని బంజారాలు ఏటా ఆ రోజే జరుపుకుంటారు. మిగిలినవాటికి ముందు చంద్రుడిని చూడాలి, తర్వాత పెద్దల మాట వినాలి, ఆ తర్వాతే బస్సు.

మెస్రం వంశం నడక

కేస్లాపూర్ నాగోబా మెస్రం వంశస్తుల దైవం. జాతరంటే మనకు రంగులరాట్నం, దుకాణాలు గుర్తొస్తాయి. మెస్రం వాళ్లకు అది అంతకు ఎన్నో రోజుల ముందే మొదలవుతుంది. పుష్య మాసంలో నెలవంక కనిపించగానే పెద్దలు కూర్చుని ప్రయాణం ఖాయం చేస్తారు. ఎడ్లబండి కట్టుకుని వంశస్తులున్న ఊళ్లకు పోయి జాతర కబురు చెబుతారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసిస్తారు. కుండ చేసేవాళ్ల కులం వేరైనా, ఆ కుండ లేకుండా పూజ సాగదు.

తర్వాత గంగాజలం కోసం పాదయాత్ర. కేస్లాపూర్ నుంచి జన్నారం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడుస్తారు. ఝారీలో నీళ్లు నింపుకుని మళ్లీ నడిచే వస్తారు. దారిలో ఏ ఊళ్లో ఆగాలి, ఎక్కడ రాత్రి ఉండాలి అన్నదానికి వరుస ఉంది. తిరుగు దారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. అమావాస్య రాత్రి ఆ జలంతోనే నాగోబాకు అభిషేకం. అదే రాత్రి వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లకు భేటింగ్ ఉంటుంది. కోడలిని దేవుడికి పరిచయం చేసి, పెద్దల ఆశీర్వాదం ఇప్పించి వంశంలో కలుపుకునే కార్యం అది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాకు తెలిసిన ఒక మెస్రం కుర్రవాడు ఈ పారిశ్రామికవాడలోనే ఒక కంపెనీలో పనిచేసేవాడు. పెళ్లయిన ఏడాది సెలవు కాగితం మీద "టూర్" అని రాశాడు. షిఫ్టులో మనుషులు తక్కువగా ఉన్నారు, టూరు మూడు రోజుల తర్వాత పోయినా నష్టం లేదుగా అన్నారు. సరేనని ఆగిపోయాడు. వాళ్లు కేస్లాపూర్ చేరేసరికి దుకాణాలున్నాయి, జనం ఉన్నారు, భేటింగ్ అయిపోయింది. ఆ అమ్మాయి మళ్లీ పుష్య మాసం దాకా ఆగాల్సి వచ్చింది. "కాగితం మీద నా భార్యకు వంశ కార్యం ఉందని రాయాల్సింది మేడమ్" అని తర్వాత మా దగ్గర తలవంచుకుని చెప్పాడు. తప్పంతా కంపెనీదే అనలేం. మన పండుగకు మనమే టూరని పేరు పెట్టాక, ఎదుటివాడు దాన్ని అంతకంటే ఎక్కువగా ఎందుకు చూస్తాడు?

జాతరలో దర్బారు ఎందుకు?

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు. అడవిలో ఊరూరికీ పోయి గోడు వినాలంటే ఏళ్లు పడుతుంది. కేస్లాపూర్ జాతరకైతే అన్ని ఊళ్ల పటేళ్లు, పెద్దలు వాళ్లంతట వాళ్లే వస్తారు. అందుకే ఆ 1940ల్లోనే జాతర దగ్గర దర్బారు మొదలైంది. జిల్లా అధికారులు జనం ముందు కూర్చుని భూమి గురించి, పట్టాల గురించి విన్నారు. ఆ దర్బారు ఇప్పటికీ జరుగుతోంది.

ఆలోచించి చూడండి. దేవుడి కోసం వేసుకున్న ప్రయాణమే హక్కులు అడిగే వేదిక కూడా అయింది. జనం కలిసే చోటుకు అంత బలం ఉంటుంది. దానికి వెల కూడా కట్టాల్సి వచ్చింది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిలో సంత రోజు. భూమి సమస్యల మీద సభ అని తరలివచ్చిన గిరిజనుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. అధికారిక లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివాళ్లు అంటారు. కేస్లాపూర్ పోయే దారిలోనే ఆ అమరుల స్తూపం ఉంది. జాతరకు పోతూ అక్కడ ఐదు నిమిషాలు ఆగకపోతే సగం చరిత్ర బస్సు కిటికీలోంచి వెనక్కి పోయినట్టే.

మేడారం చేరే నాలుగు దారులు

మేడారం వెళ్లేది మనం మాత్రమే కాదు, దేవతలు కూడా ప్రయాణం చేసే వస్తారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు బుధవారం గద్దెలకు చేరుకుంటారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం అందరూ గద్దెల మీద ఉంటారు. శనివారం వనప్రవేశం. ఈ నాలుగు రోజులూ కోయ పూజారుల చేతుల మీదుగా నడుస్తాయి.

1968లో ఈ జాతర దేవాదాయ శాఖ కిందికి వచ్చింది. 1996లో రాష్ట్ర పండుగ అయింది. రోడ్లు వచ్చాయి, ప్రత్యేక బస్సులు వచ్చాయి, జనం కోటి దాటారని చెప్పే స్థాయికి పెరిగింది. మంచిదే. కానీ జనం పెరిగేకొద్దీ, ఇది కోయల ఇంటి పండుగ, మిగతా అందరం చుట్టాలం అన్న మాట వెనక్కి పోతోంది. చుట్టం ఇంటికి పోయినవాడు జంపన్నవాగులో ప్లాస్టిక్ సంచులు వదిలి రాడు కదా.

తండా తీజ్

బంజారాలు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగిన జాతి. ఆ వ్యాపార ప్రయాణాన్ని లదేణి అంటారు. రైళ్లు, బండి బాటలు వచ్చాక లదేణి ఆగిపోయింది, తండాలు ఒకచోట నిలిచాయి. ఇప్పుడు ప్రయాణం తిరగబడింది. పని కోసం తండా విడిచి వచ్చినవాళ్లు పండుగకు తండాకు పోతున్నారు.

శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. తీజ్ ఎప్పుడు మొదలుపెట్టాలో తండా నాయక్, పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. పక్క తండాలో వేరే రోజులు కావచ్చు. ఏ ఫోన్‌లో వెతికినా ఆ తేదీ దొరకదు. నాయక్‌కు ఫోన్ చేసి అడగాల్సిందే. అలా అడగడంలోనే బంధం నిలబడుతుంది.

ఇక మీ ప్లాన్

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టూరు వేసుకోండి. వద్దనం. వేసుకునే ముందు ఈ పనులు చేయండి. తేదీ ఆ పండుగ పెద్దలనే అడగండి. వచ్చే మేడారం 2028లో, సెలవు ఇప్పటినుంచే కూడబెట్టుకోండి. సెలవు కాగితం మీద పండుగ పేరు, కార్యం పేరు స్పష్టంగా రాయండి. మీది కాని తెగ పండుగకు చుట్టంలా పోండి, పూజ దగ్గర అడగకుండా ఫోన్ తీయకండి. వీలైతే ఒక్క ఊరి దూరమైనా పెద్దలతో కలిసి నడవండి. తిరిగి వచ్చాక ఆ దారిలోని ఊళ్ల పేర్లు వరుసగా ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.

ఆ వరుస ఇప్పటిదాకా నడిచినవాళ్ల కాళ్లలో ఉంది. మెస్రం పెద్దలు మ్యాపు లేకుండానే హస్తినమడుగు చేరుతున్నారు. వాళ్ల వెనక నడిచేవాళ్లు ఉన్నంతకాలమే ఆ దారి దారిగా ఉంటుంది. ఈసారి నెలవంక కనిపించినప్పుడు మీరు షిఫ్టులో ఉన్నా సరే, సాయంత్రం టీ టైములో ఒకసారి బయటికి వచ్చి తల పైకెత్తి చూడండి. ఊరి నుంచి కబురు వచ్చేలోపే మీకు తెలిసిపోతుంది.