మన జముకు మోత

ఒరే గుంటడా, అమెరికా కొండల్లో ఎవరో నలుగురు బాంజో, మాండలిన్ వాయిస్తున్నారని పొద్దస్తమానం మురిసిపోతున్నావు. బానే ఉందిలే, పొరుగింటి పుల్లకూర రుచి! మన కొండల పాట విశాఖపట్నం దిగొచ్చి గజ్జె కట్టిన ముచ్చట చెప్తాను, కుదురుగా కూర్చో.

జముకంటే ఏటో ఎరుగుదువా? ఎక్కడెరుగుదువు! కుంచం లాంటి దానికి ఓ పక్క తోలు బిగించి, ఆ తోలు నడుమనించి నరం తీస్తారు. చంకలో ఇరికించుకుని, నరం లాగిపట్టి మీటితే జుమ్ముమంటుంది. ఎంత లాగితే సుతి అంత పైకి. ఎల్లమ్మ కథ ఎత్తుకున్నారంటే కోడి కూసే దాకా లేచేవాళ్ళం కాదు. ఎవరి గోనె వాళ్ళే తెచ్చుకోవాలి. ముందు వరస చోటు కోసం తోడికోడళ్ళు మాటలు మానేసిన రోజులున్నాయి. బొడ్డపాడు పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకుల కథతోనే రైతుల కష్టం చెప్పాడు. 1969లో పోలీసు తూటాకి పోయాడు.

ఎక్కడికో పోయాను, ఆ కొండల పాటకి విశాఖలో గజ్జె కట్టిన వంగపండు ప్రసాదరావు సంగతి కదూ. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టాడు. ఇక్కడ షిప్‌యార్డులో ఫిట్టరు. 1972లో పాటగాడు గద్దరూ వాళ్ళతో కలిసి జననాట్యమండలి అని ఆటపాటల దళం కట్టాడు. పావలా టీ ఇద్దరం పంచుకుని తాగే రోజులు. సభలో ఉపన్యాసాలకి సగంమంది కునుకు తీసేవారు. గజ్జె ఘల్లుమందో, చంటిపిల్లలతో సహా లేచి కూర్చునేవారు. డప్పు, డోలక్కు, గొంతు, అంతే సరంజామా. యంత్రం ఎవడి చెమటతో నడుస్తుందో చెప్తూ పాట కట్టాడు చూడు, అలాంటిది గోళ్ళలో గ్రీజున్నవాడే కట్టగలడు.

మీ తాత పోర్టులో గుమాస్తా కదా, ఇస్త్రీ చొక్కా నలుగుతుందని ఆ చాయలకి వచ్చేవారు కాదు. "కూలోళ్ళ కేకలు, అదీ ఓ సంగీతమేనా?" అనేవారు. 1986లో నారాయణమూర్తి తీసిన 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాలో వంగపండు కట్టిన ఆ కేకే తెరకెక్కింది. 2020 ఆగస్టులో వంగపండు పోతే పెద్దపెద్దవాళ్ళంతా సంతాపాలు చెప్పారనుకో, అది తరవాతి మాట. సినిమా వచ్చిన వారానికే మీ తాత గడ్డం గీసుకుంటూ అందులో వంగపండు పాటే కూనిరాగం తీశారు. నేను విననట్టు గిన్నెలు తోముకున్నాను.