పొలిత్‌కోవ్‌స్కయా, అన్నా (1958–2006)

అన్నా పొలిత్‌కోవ్‌స్కయా రెండో చెచెన్యా యుద్ధంలో సైన్యం, పోలీసులు సాగించిన హక్కుల ఉల్లంఘనలను, అవినీతిని వెలికితీసిన రష్యన్ పాత్రికేయురాలు. 1958 ఆగస్టు 30న న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితిలో పనిచేస్తున్న సోవియట్ దౌత్యవేత్తల కుటుంబంలో జన్మించింది. 1980లో మాస్కో విశ్వవిద్యాలయంలో జర్నలిజం పట్టా పొందింది. 1999లో ‘నోవయా గజెతా’ పత్రికలో చేరింది.

ఆమె కథనాలకు ఆధారం సైనిక ప్రకటనలు కాదు, బాధితుల వాంగ్మూలాలు. 2001 ఫిబ్రవరిలో, నిర్బంధితులను గోతుల్లో ఉంచుతున్నారన్న ఫిర్యాదులపై చెచెన్యాలోని ఖతూనీ గ్రామానికి వెళ్లగా సైనికులు ఆమెనే నిర్బంధించి, చంపుతున్నట్టు నటించి బెదిరించారు. చెచెన్యా రాజధాని గ్రోజ్నీలో అదృశ్యమైన ఒక విద్యార్థి గురించి అదే ఏడాది రాసిన కథనం అరుదైన ఫలితమిచ్చింది: 2005లో ఒక పోలీసు అధికారికి 11 ఏళ్ల శిక్ష పడింది. ఈలోగా ఈమెయిల్ బెదిరింపుల వల్ల ఆమె కొంతకాలం వియన్నాలో తలదాచుకోవలసి వచ్చింది. 2002 అక్టోబరులో మాస్కో దుబ్రోవ్కా థియేటర్‌లో చెచెన్ మిలిటెంట్లు నిర్బంధించిన బందీలకు నీళ్లు, పండ్లరసం చేర్చింది. 2004లో పాఠశాలలో మిలిటెంట్లు పిల్లలను, పెద్దలను బందీలుగా పట్టుకున్న బెస్లాన్ పట్టణానికి బయల్దేరి, విమానంలో టీ తాగాక స్పృహ కోల్పోయింది. అది విషప్రయోగమేనని ఆమె ఆరోపణ.

2006 అక్టోబరు 7న మాస్కోలో తాను నివసించే భవనం లిఫ్టులో ఆమెను కాల్చి చంపారు. చెచెన్యాలో చిత్రహింసలపై అసంపూర్తిగా మిగిలిన కథనాన్ని పత్రిక ఐదు రోజులకు ప్రచురించింది. 2014లో ఐదుగురికి శిక్షపడింది, వారిలో ఇద్దరికి యావజ్జీవం. హత్య చేయించినదెవరో తేల్చేందుకు రష్యా తగిన దర్యాప్తు జరపలేదని 2018లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం తీర్పునిచ్చింది. శిక్షపడినవారిలో ఒకడు ఉక్రెయిన్ యుద్ధంలో పాల్గొన్నందుకు క్షమాభిక్ష పొందినట్లు 2023లో వెల్లడైంది.