‘వీసా’, దాని ముందున్న ‘ఎఫ్’

లాటిన్‌లో ‘కార్టా వీసా’ అంటే చూసిన కాగితం, అంటే అధికారి పరిశీలించిన పత్రం. ఫ్రెంచి, ఇంగ్లీషుల మీదుగా మన దాకా వచ్చేసరికి ‘వీసా’ మాత్రం మిగిలింది. పదహారో వంతును చెప్పే మన ‘వీసం’తో దీనికి చుట్టరికం లేదు.

అమెరికా చదువులకిచ్చే ఎఫ్-1 వీసాలోని ‘ఎఫ్’ కథ ఇంకా ఆసక్తికరం. అది ‘ఫారిన్’కు పొడి అక్షరం కాదు. 1952 నాటి వలస, జాతీయతా చట్టం తాత్కాలికంగా వచ్చేవారి రకాలను అక్షరాల వరుసలో రాసింది. విద్యార్థులు ‘ఎఫ్’ దగ్గర పడ్డారు. ఉద్యోగాల వీసా హెచ్-1బీలోని ‘హెచ్’ కూడా ఆ వరుసలోదే. సొంత దేశంలోని నివాసాన్ని వదులుకునే ఉద్దేశం ఉండకూడదని ఆ చట్టంలోని ‘ఎఫ్’ నిబంధన విద్యార్థికి షరతు పెట్టింది. “చదువయ్యాక ఏం చేస్తావు?” అన్న వీసా ఇంటర్వ్యూ ప్రశ్నకు మూలం అక్కడుంది. దానికి పిల్లల చేత జవాబు బట్టీ పట్టించడం నాకు బాధగా ఉంటుంది. చట్టం ఏమడుగుతోందో తెలిస్తే సొంత మాటల్లో వాళ్లే చెప్పగలరు.

తెలుగునాట ‘వీసా’ అన్న మాట దేవుడి పేరులోకీ చేరింది. చిలుకూరు బాలాజీని ‘వీసా బాలాజీ’ అంటారు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108.