పాత రాలీయా, కొత్త అట్లాసా?

ఆదివారం పొద్దు పొడవకముందే రాజీవ్ రహదారి మీద సైకిళ్ళు కనిపిస్తాయి. అల్వాల్, తూంకుంట దాటి వచ్చిన గుంపులు శామీర్‌పేట చెరువు దగ్గర కాసేపు ఆగుతాయి. కొందరు అక్కణ్ణుంచే వెనుదిరుగుతారు, కొందరు రోడ్డు దిగి మట్టిబాట పడతారు. ఆ మట్టిబాట రుచి మరిగినవాళ్ళను ఒక ప్రశ్న వదలదు. 20 వేలలో వచ్చే కొత్త గేర్ల సైకిల్ కొనుక్కోవాలా, ఇంకొంత కలిపి, ఒకప్పుడు లక్ష పలికిన మౌంటెన్ బైక్‌ను సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలా? నిన్నమొన్నటి సందేహంలా ఉంటుంది గానీ, ఈ దారులకు అది 70 ఏళ్ళ కిందటే తెలుసు. అప్పటి పేర్లు వేరు, అంతే.

శామీర్‌పేటకు పక్కనే ఉన్న మేడ్చల్‌కు రైలు 1901 నాటికే ఉంది. గోదావరి లోయ రైల్వే సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా వేసిన మీటర్‌గేజ్ దారి మీద అదొక స్టేషన్. అయితే రైలు దూరం పోయేవాళ్ళకు. పాల క్యాన్లు, కూరగాయల గంపలు తెల్లారేసరికి పట్నం చేరాలంటే సైకిలే దిక్కు. స్వాతంత్ర్యానికి ముందు దొరికినవి ఎక్కువగా ఇంగ్లండు బళ్ళే: రాలీ, బీఎస్ఏ, హంబర్, ఫిలిప్స్. కొనలేనివాళ్ళకు కిరాయి దుకాణం ఉండేది. తెలంగాణ ఊళ్ళలో దాన్ని ‘సైకిల్ ట్యాక్సీ’ అనేవాళ్ళు. గంట లెక్కన డబ్బులిచ్చి, డండా కింది నుంచి కాలు దూర్చి, కైంచీ తొక్కుతూ నేర్చుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది.

1949లో మద్రాసు దగ్గరి అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో వచ్చాయి. ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కార్ఖానా నడిచింది. విదేశీ దిగుమతుల మీద ఆంక్షలు బిగుసుకున్నాయి. దాంతో పాత ఇంగ్లండు సైకిల్‌కు పరువు పెరిగింది, కొత్త దేశవాళీ సైకిల్ అందుబాటులోకి వచ్చింది. పాత రాలీయా, కొత్త అట్లాసా అన్న ప్రశ్న అప్పటిదే.

అప్పటి కొనుగోలుదారుకు ఒక పెద్ద వెసులుబాటు ఉండేది. దేశవాళీ కంపెనీలు చాలావరకు ఇంగ్లండు మూసనే పట్టుకున్నాయి. అదే 28 అంగుళాల చక్రం, అదే కడ్డీ బ్రేకు, అదే కాటర్ పిన్. రాలీ పెడలు అరిగితే దేశవాళీ పెడలు బిగిసేది. రెండు పానాలు, ఒక నీళ్ళ తొట్టి, సొల్యూషన్ డబ్బా ఉన్న మెకానిక్ ఏ కంపెనీ బండినైనా ఓవర్‌హాలింగ్ చేసి పంపేవాడు. చక్రం బెండు తీయడానికి కంపెనీ పేరుతో పని లేదు. పాతది కొన్నవాడు పాత సామాన్లకోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు కాబట్టే, పాత రాలీని నమ్మి కొనగలిగాడు.

ఇప్పటి ప్రశ్నలోని మౌంటెన్ బైక్ కూడా పుట్టింది పాత సైకిళ్ళలోంచే. 1933లో అమెరికాలోని ష్విన్ కంపెనీ 26 అంగుళాల లావు టైర్లతో పిల్లల సైకిళ్ళు తెచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు అవే పాత ష్విన్‌లను చౌకగా ఏరి తెచ్చి కొండల మీంచి దించడం మొదలుపెట్టారు. 1976లో వాళ్ళు మొదలుపెట్టిన పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. దిగేసరికి వెనక బ్రేకు హబ్బులో గ్రీజు కాలి పొగయ్యేది. మళ్ళీ కొత్త గ్రీజు నింపాల్సివచ్చేది, అందుకే ఆ పేరు. మరుసటి ఏడాది ఆ గుంపులోని జో బ్రీజ్ కొండదారికోసమే ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైక్‌ను 750 డాలర్లకు బజారులో పెట్టింది. చక్రం కొలత మాత్రం ఆ పిల్లల సైకిల్‌దే, 26 అంగుళాలు.

ఆ రూపం మన దగ్గరికి హీరో రేంజర్, హెర్క్యులిస్ ఎంటీబీగా వచ్చింది. 1990ల్లో బడిపిల్లల కల అది. బరువైన ఇనుప ఫ్రేము, లావు టైరు, చూపుకు కొండబండి. అసలు సరుకు ఆలస్యంగా దిగింది: 2005లో మొదలైన ఫైర్‌ఫాక్స్ ట్రెక్ సైకిళ్ళను తెచ్చింది, తర్వాత జెయింట్, స్కాట్ వచ్చాయి. ఈలోగా, ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ళ ముఖమే మారిపోయింది. శామీర్‌పేట పక్కన బయోటెక్ కంపెనీల జినోమ్ వ్యాలీ విస్తరించింది, 2008లో బిట్స్ పిలానీ క్యాంపస్ తెరుచుకుంది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మేడ్చల్‌నూ శామీర్‌పేటనూ చుట్టుకుంది. ఔటర్ మీద సైకిల్‌కు చోటు లేదు. సర్వీసు రోడ్లు, చెరువుగట్లు, మొరం బాటలే మిగిలాయి. రాళ్ళు, వాటికి తోడు సర్కారు తుమ్మ ముళ్ళు.

అలాంటి నేల మీద చౌక కొత్త సైకిల్ ముందుగా వెనక చక్రం దగ్గర ఓడిపోతుంది. దానికుండేది ఫ్రీవీల్ హబ్బు. గేరు పళ్ళ వైపు ఇరుసుకు ఆసరా చాలా లోపలికి ఉంటుంది, గుంతల్లో ఎగిరెగిరి పడితే ఇరుసు వంగుతుంది. ఖరీదైన బండిలో ఆ ఆసరా చివరిదాకా ఉంటుంది. అయితే దాని ముందు ఫోర్కు మంచి సేవ కోరుతుంది. గాలి ఫోర్కులో 50 గంటల సవారీకోసారి కింది కాళ్ళ నూనె మార్చాలి. మార్చని బండి సీళ్ళు చెడి, లోపలి గొట్టం గీరుకుపోతుంది. కాబట్టి పాతది చూసేటప్పుడు రంగు, స్టిక్కర్లు కాదు, ఫోర్కు నొక్కి చూడాలి. ఫ్రేము అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్ళకోసం వేలితో తడమాలి. అసలు బిల్లు అడగాలి. ఇవి మూడూ సరిగా ఉంటే పాతదే మేలు. ఏ ఒక్కటి తేడా కొట్టినా కొత్తదే నయం.

2010ల్లో కంపెనీలు 27.5, 29 అంగుళాల చక్రాలకు మారిపోయాయి. అందుకే మంచి 26 అంగుళాల బండి ధర బాగా పడిపోయింది, సామాన్లు దొరకవన్న భయం దానికి తోడైంది. మేడ్చల్‌లో ఆ భయం సగమే నిజం. ఆ బండికి నప్పే ఖరీదైన ఫోర్కు దొరకడం కష్టమే. టైరు, ట్యూబు మాత్రం మామూలు సైకిల్ దుకాణంలో కొక్కేనికి వేలాడుతూ ఉంటాయి. బడిపిల్లల రేంజర్లకోసం తెప్పించిన 26 అంగుళాల సరుకే అది.