ఒకే సర్వర్‌లో వేర్వేరు వేగాల ప్రాసెసర్లు: కలపడం ఎందుకు కుదరదు?

రెండు ప్రాసెసర్లకు చోటున్న సర్వర్‌ను చాలా సంస్థలు మొదట ఒకే ప్రాసెసర్‌తో కొంటాయి. నాలుగైదేళ్లకు పని పెరిగి రెండోది వేద్దామంటే పాత మోడల్ దొరకదు. దొరికేది దానికన్నా వేగవంతమైనది. రెంటినీ కలిపి వాడొచ్చా? మామూలు సర్వర్లలో వద్దనే చెప్పాలి. చిక్కు వేగంలో తేడా ఒక్కటే కాదు. ప్రాసెసర్లన్నీ ఒకేలా ఉంటాయన్న నమ్మకం మీదే ఈ యంత్రాలనూ, వాటి సాఫ్ట్‌వేర్‌నూ తయారుచేశారు.

ఈ ఏర్పాటును సిమెట్రిక్ మల్టీప్రాసెసింగ్ అంటారు. మెమరీ ఉమ్మడిగా ఉంటుంది. ఏ పనినైనా ఏ ప్రాసెసరైనా చేయవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ప్రాసెసర్ మీద మొదలైన పనిని మధ్యలో మరొకదానికి మార్చగలదు. తేడాలు బయటపడేది అక్కడే.

మొదటి తేడా కాలం లెక్కలో వస్తుంది. ఇంటెల్ 1993లో పెంటియమ్‌తో టైమ్ స్టాంప్ కౌంటర్‌ను తెచ్చింది. ఆ తరం ప్రాసెసర్లలో అది క్లాక్ ఒక్కసారి కొట్టుకుంటే ఒక అంకె పెరిగేది. ఆ లెక్కన 10 సెకన్లలో 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ 2,000 కోట్లు లెక్కపెడితే, 3 గిగాహెర్ట్జ్‌ది 3,000 కోట్లు లెక్కపెడుతుంది. వేగమైనదాని మీద మొదలైన పని నెమ్మదైనదాని మీద ముగిస్తే, మొదలుకాకముందే ముగిసినట్టు లెక్క తేలవచ్చు.

రెండోది, ఆదేశాల్లో తేడా. కొత్త ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశం పాతదానికి తెలియకపోతే, పని దాని మీదికి మారగానే ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

మూడోది పని పంపకం. 60 పాళ్ల పనిని రెంటికీ సమానంగా పంచామనుకుందాం. సెకనుకు 3 పాళ్లు చేసేది 10 సెకన్లలో ముగిస్తుంది. 2 పాళ్లు చేసేదానికి 15 సెకన్లు పడుతుంది. మొదటిది 5 సెకన్లు ఖాళీగా కూర్చోవాలి. 36, 24 పాళ్లుగా పంచితే మొత్తం 12 సెకన్లలో అయిపోయేది. జోడెద్దుల్లో నెమ్మదైనదే కాడి వేగాన్ని నిర్ణయించినట్టు, సమాన పంపకంలో అదనపు వేగానికి పెట్టిన డబ్బు వృథా.

అందుకే చాలా ఇంటెల్ సర్వర్ బోర్డుల్లో ప్రారంభంలోనే తనిఖీ జరుగుతుంది. ఒకే మోడల్ కుటుంబమై వేగం మాత్రమే వేరైతే, రెండూ అందుకోగల అత్యధిక వేగానికి అన్నింటినీ సర్దుతుంది. అది కుదరకపోయినా, మోడల్ లేదా క్యాష్ పరిమాణం వేరైనా సర్వర్ మొదలే కాదు.

కలపడం అసాధ్యమేమీ కాదు. ముందే ఆలోచించి డిజైన్ చేయాలి. సన్ మైక్రోసిస్టమ్స్ అల్ట్రాస్పార్క్ 3లో ప్రాసెసర్ వేగంతో సంబంధం లేని కాల గణనకు ప్రత్యేక రిజిస్టర్ పెట్టింది. ఆర్మ్ 2011లో ప్రకటించిన బిగ్‌లిటిల్ విధానంలో పెద్ద, చిన్న కోర్లు ఒకే చిప్‌లో ఉంటాయి. ఇంటెల్ 2021లో ఆల్డర్ లేక్‌తో అదే దారి పట్టింది. చిన్న కోర్లకు ఏవీఎక్స్-512 ఆదేశాలు రాకపోవడంతో, పెద్ద కోర్లలో ఆ సామర్థ్యం ఉన్నా పక్కన పెట్టాల్సి వచ్చింది. వేగం వేరైనా ఫర్వాలేదు గానీ, అర్థమయ్యే భాష ఒకటే కావాలన్నది అక్కడి నియమం.

సర్వర్ కొనేవారు ఇంటెల్ ప్రాసెసర్ పైన ముద్రించే ఎస్-స్పెక్ కోడ్‌ను రాసిపెట్టుకోవాలి. తర్వాత అదే కోడ్ ఉన్నది వెతకడం తేలిక. అది దొరక్కపోతే, బోర్డు ఒప్పుకునే కొత్త మోడల్‌వి రెండూ కలిపి మార్చడం మేలు. ఏది చేసినా రెండో సాకెట్‌కు విడిగా హీట్‌సింక్, మెమరీ కావాలి. ఆ ఖర్చునూ కలుపుకున్నాకే రెండో ప్రాసెసర్ లాభమో కాదో తేలుతుంది.