గూని ఆపరేషన్‌లో వెన్నుపాము రక్షణ – కొంత చరిత్ర

తమ తమ వృత్తులకు సంబంధించిన చరిత్ర ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం కోరింది. నేను ఉద్యోగకాలమంతా ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్ల పక్కన టెక్నీషియన్‌గా నిలబడ్డవాణ్ణి. మనవరాలికి వెన్ను పక్కకు వంగిందనీ, ఆపరేషన్ చేయిస్తే కాళ్ళు పడిపోతాయేమోననీ సభ్యులొకరు ఆమధ్య నన్నడిగారు. ఆ భయం ఉత్తది కాదు. కనుక దాని గూర్చే వ్రాస్తున్నాను.

వెన్నెముక లోపలి గొట్టంలో చిటికెనవ్రేలంత లావున వెన్నుపాము ఉంటుంది. కాళ్ళకు ఆజ్ఞలు పోయేదీ, కాళ్ళ నుంచి స్పర్శ వచ్చేదీ దాని గుండానే. ఏళ్ళ తరబడి వంగిన ఎముకను ఒక్కసారిగా నిటారు చేస్తే అది సాగుతుంది, దానికి రక్తమిచ్చే నాళాలు బిగుస్తాయి. ఆ సమయంలో రక్తపోటు కూడా పడిపోతే ప్రమాదం రెట్టింపు.

1911లో న్యూయార్క్‌లో హిబ్స్ అనే డాక్టరు వెన్నుపూసలను ఒకదానితో ఒకటి అతికించడం మొదలుపెట్టాడు. అప్పట్లో వంపు తగ్గించే పని పిండికట్లతో, నెమ్మదిగా జరిగేది. రోగి మెలకువగా ఉంటాడు, కాలు తిమ్మిరెక్కితే తానే చెబుతాడు. హ్యూస్టన్‌లో పోలియో పిల్లలకు వైద్యం చేసిన హారింగ్టన్ తన ఉక్కు కడ్డీ విధానాన్ని 1962లో ప్రకటించాడు. పైనా కిందా కొక్కేలు తగిలించి, జాకీతో బస్సును లేపినట్టు వెన్నును సాగదీయడమే. వంపు ఒక్క పూటలో తగ్గింది. అయితే రోగి మత్తులో ఉన్నాడు. కాళ్ళ సంగతి చెప్పేదెవరు? మెలకువ వచ్చాకగాని తెలిసేది కాదు. స్కోలియోసిస్ రీసెర్చ్ సొసైటీ లెక్కలు 1975లో అచ్చయ్యాయి. నరాల దెబ్బ వెయ్యికి సుమారు ఏడుగురికి తగిలింది. తక్కువే అనవచ్చు, తమ ఇంట్లో జరగనంతవరకు.

1973లో ఫ్రాన్స్ దేశస్థులు వోజెల్, స్టాన్యారా, జూవెన్రూ ఒక ఉపాయం ప్రకటించారు. కడ్డీ బిగించాక, గాయం తెరిచి ఉండగానే మత్తు తేలిక చేసి రోగిని పిలవడం! ముందు చేయి పిడికిలి పట్టమంటారు. పట్టాడంటే మాట వినబడుతున్నట్టు. తరువాత పాదాలు కదపమంటారు. చేయి కదిలి పాదం కదలకపోతే వెంటనే కడ్డీ సడలించాలి.

ముందురోజు సాయంత్రం పిల్లలకు ఇది నేర్పడం మా వంతు. ఒక తండా నుంచి వచ్చిన కుర్రవాడికి తెలుగు సరిగా రాదు. ఆ రెండు మాటలూ వాళ్ళమ్మ దగ్గర లంబాడీలో నేర్చుకుని మరునాడు అతని చెవిలో చెప్పాను. ముందు వేళ్ళు బిగిశాయి. కాళ్ళకు కొంచెం ఆలస్యమైంది. ఆ కొన్ని క్షణాలు థియేటర్లో ఎవరూ ఊపిరి తీసుకున్నట్టు లేదు. రెండు పాదాలూ కదిలాయి.

ఈ పరీక్ష ఆ ఒక్క క్షణం సంగతే చెబుతుంది. దగ్గితే గొంతులోని గొట్టం ఊడిపోవచ్చు కూడా. అందుకే 1970లలో జపాన్, అమెరికాలలో విద్యుత్ సంకేతాలు గమనించే పద్ధతులు వచ్చాయి. వాటిలో ఒకటి, చీలమండ దగ్గర కరెంటు ఇచ్చి తలపై సంకేతం చూడడం. కాని స్పర్శ మార్గం వెన్నుపాముకు వెనుక వైపున ఉంటుంది. ముందు వైపు ధమని మూసుకుపోతే ఆ సంకేతం బాగానే ఉండి, కాళ్ళు మాత్రం పోవచ్చు. అలా జరిగిన కేసులున్నాయి. 1980లో ఇంగ్లాండులో మెర్టన్, మోర్టన్ పుర్రె పైనుంచే మెదడుకు కరెంటు ఇచ్చి కండరాలను కదిలించగలిగారు. దాన్ని థియేటర్లోకి తేవడానికి మత్తు విధానమే మార్చవలసివచ్చింది. వాయువుల మత్తు ఆ సంకేతాన్ని అణచివేస్తుంది గనుక ప్రొపొఫాల్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. కండరాలను సడలించే మందు ఆపుతారు. కరెంటుకు దవడ బిగిసి నాలుక తెగకుండా పళ్ళ మధ్య గాజుగుడ్డ చుట్ట పెట్టాలి. చిన్న పనే, మరిచిపోతే పెద్ద కష్టం.

1995లో 51,263 ఆపరేషన్లపై అమెరికాలో ఒక సర్వే వెలువడింది. అనుభవమున్న బృందాలు సంకేతాలు చూసినచోట నరాల నష్టం, అనుభవం తక్కువైన చోటికన్నా సగానికి లోపే. యంత్రం కొన్నంత మాత్రాన సరిపోదన్నమాట.

సంకేతం పడిపోతే పని ఆపి, వైర్లు చూసుకుని, రక్తపోటు పెంచి, చివరగా చేసిన సవరణను వెనక్కి తీయాలని 2014లో ఒక చెక్‌లిస్టు వచ్చింది. మెలకువ పరీక్షకు అందులోనూ చోటుంది. మన సభ్యుడికి నేను చెప్పిందొక్కటే: సంకేతాలు చూసే మనిషి ఎవరో, ఇలాంటివి ఎన్ని చూశారో డాక్టరుగారిని ముందే అడగండి.